కాల్చిన పిదప మొలచు కొమ్ము: గైబీ నగర్ మేకల పెంపకమున నొక చిక్కు

ముందు వచ్చిన చెవులకన్న వెనుక వచ్చిన కొమ్ములు వాడియని తెలుగువారి సామెత. మేకపిల్ల పుట్టిన కొలది దినములకే నుదుటిపై రెండు గట్టి మొలకలు చేతికి తగులును. ఆ మొలకలను కాల్చివేసినను, కొన్ని నెలలకు అదే చోట వంకరగా, పెళుసుగా మరియొక కొమ్ము తలయెత్తుట కలదు. సామెత చెప్పిన వారు ఈ మూడవ రాకను గణించి యుండరు. కోసిన వరిమోడునుండి లేచు పిలకను పోలియుండుటచే ఇది ఈ వ్యాసమున పిలకకొమ్మని వ్యవహరింపబడుచున్నది.

మహారాష్ట్రమున ఠాణా జిల్లాలోని భివండీ మరమగ్గముల పట్టణము. తెలంగాణమునుండి వలసవచ్చిన పద్మశాలీలు అధికముగా నుండు పద్మనగర్, ముస్లిం కుటుంబములు అధికముగా నుండు గైబీ నగర్ ఈ పట్టణములోని పేటలే. ఇట్టి ఇరుకుపేటలలో మేక బయళ్ళలో తిరుగు జంతువు కాదు. గుమ్మము ప్రక్క గుంజకు కట్టబడి, కొనితెచ్చిన ఆకుమేతతో పెరుగునది. సందులో ఆడుకొను పిల్లల కన్నులకు దాని కొమ్ము అపాయము. రెండు మేకలు ఒకే తొట్టికడ నిలిచినచో పొడుచుకొనును. ఇనుపవలలో కొమ్ములు చిక్కి మెడ విరుగుటయు కలదు. అందుచే కొందరు కొమ్ములు లేకున్న మేలని తలతురు. అయినను కొమ్ములు కాల్చుట మన దేశమున అనాదిగా వచ్చిన ఆచారము కాదు. పాలమేకలను పెద్దశాలలలో మందలుగా పెంచు పాశ్చాత్య దేశములలో అది స్థిరపడినది. పద్ధతి వచ్చినంత సులభముగా దాని మెలకువ రాలేదు. పిలకకొమ్మునకు మూలము చాలవరకు ఇదియే.

కొమ్ము పుఱ్ఱెనుండి పొడుచుకొనివచ్చు ఎముక యని సామాన్యముగా అనుకొందురు. ఇది పొరపాటు. అమెరికాలో మెయిన్ విశ్వవిద్యాలయమునకు చెందిన ఫ్రాంక్లిన్ డవ్ అను శాస్త్రజ్ఞుడు దూడల కొమ్ముమొలకల చర్మమును వేరొకచోట అంటుకట్టి చూచెను. 1933లో ఒక మగదూడ నుదుటి నడుమ రెండు మొలకలను చేర్చి అంటింపగా అది ఒంటికొమ్ము వృషభముగా పెరిగెను. 1935లో ప్రకటింపబడిన ఆయన పరిశోధనవలన తేలినదేమన, కొమ్మునకు బీజము చర్మముననే యున్నది. లోపలి ఎముకబోదె కూడ ఆ చర్మపు అడుగున వేరుగా పుట్టి, పిదప పుఱ్ఱెకు అతుకుకొనును. పైతొడుగు మన గోళ్ళలోని పదార్థమే. కావున పిలకకొమ్ము చచ్చినది తిరిగి బ్రదుకుట కాదు. కాల్చినపుడు వలయముచుట్టు మిగిలిపోయిన చర్మపు అంచు తన పని తాను చేయుటయే. ఆ అంచు సంపూర్ణమైన కొమ్మును కట్టజాలదు. పుఱ్ఱెకు గట్టిగా అతుకుకొనజాలదు. అందుచే పలుచని రేకుగనో, కదలాడు మొద్దుగనో పెరుగును.

ఈ చిక్కు మగపిల్లలలో హెచ్చు. మగపిల్ల కొమ్ముమూలము వెడల్పైనది, త్వరగా పెరుగునది. గుండ్రని కాల్చుటచ్చు ఒక్కసారి ఆన్చినచో లోపలివైపు అంచు తరచుగా బయటనే మిగులును. అందుచే మగపిల్లలకు రెండవ వలయమును మొదటిదానిపై కొంత ఎక్కునట్లు ఆన్చి, ఎనిమిది అంకె ఆకృతిలో కాల్చుట వాడుకలోనికి వచ్చినది. వయస్సు ముఖ్యము. సాధారణముగా 4 మొదలు 10 దినములలోపల, మగపిల్లలకైన అందును ముందుగనే చేయుదురు. నెల గడచిన పిదప కాల్చినచో పిలకకొమ్ము రాకుండుట అరుదు.

అట్లయిన గట్టిగా కాల్చిన పోలేదా యను ప్రశ్న వచ్చును. మేకపిల్ల పుఱ్ఱె దూడ పుఱ్ఱెకన్న మిక్కిలి పలుచనిది. ఎఱ్ఱగా కాగిన ఇనుమును కొలది సెకనులకు మించి ఒత్తిపట్టినచో వేడి మెదడుపొరను తాకును. పిల్ల ఆనాడు పాలు త్రాగినట్లే యుండి, కొన్నిదినములకు తల వాల్చి, వణకి, చచ్చుటయు కలదు. తక్కువ కాల్చిన పిలకకొమ్ము, ఎక్కువ కాల్చిన మరణము. ఈ రెంటి నడుమ నున్న ఎడము కొద్దిపాటి సెకనులు మాత్రమే. పిలకకొమ్ము వచ్చినదని చింతించు యజమాని పిల్ల బ్రదికియున్నదని సంతోషింపవచ్చును. క్షారపు లేహ్యము పూయుట ఇంతకన్న మెత్తనిదని తలచుట పొరపాటు. అది కంటిలోనికి, తల్లిపొదుగునకు ప్రాకును. న్యూజీలండులో ఇటీవల జరిగిన పరిశీలనలలో దానివలని బాధ కాల్చుటకన్న తక్కువ కాదని తేలినది.

మత్తు విషయమున మేకకొక ప్రత్యేకత కలదు. ఆవుకొమ్మునకు ముఖ్యముగా ఒక నరము స్పర్శనిచ్చును. మేకకొమ్మునకు రెండు నరములు, ఒకటి కంటివెనుక, మరియొకటి కంటికి ముక్కువైపున. ఒకదానినే మొద్దుబార్చినచో పిల్ల బాధపడును. అయితే మేకపిల్ల లిడోకెయిను మందును ఎక్కువగా సహింపలేదు. కిలోకు సుమారు 5 మిల్లీగ్రాములు హద్దుగా లెక్కించిన, 4 కిలోల పిల్లకు మొత్తము 20 మిల్లీగ్రాములు. నూటికి 2 పాళ్ళ మందులో అది ఒక్క మిల్లీలీటరు మాత్రమే. దానినే నీటితో పలుచన చేసి నాలుగుచోట్లకు పంచవలెను. పెద్దపశువుల మోతాదు కండ్లతో చూచి పోసినచో పిల్ల దక్కదు. కావున ఇది పశువైద్యుని చేతనే జరుగవలసిన పని.

ఇక మొలచిన దానిని ఏమి చేయవలెను? మొదట దానిని వ్రేళ్ళతో పట్టి చూడవలెను. పలుచని రేకువలె కదలుచున్నచో అట్లే విడుచుట ఉత్తమము. గోడకు రాసుకొని, తోడిమేకతో కుమ్ములాడి, ఒకనాడు అదే ఊడిపోవును. కొంత రక్తము కారును. శుభ్రమైన గుడ్డతో కొంతసేపు అదిమిపట్టిన నిలుచును. మరల మొలచిన మరల ఊడును. యజమానికి ఇది వికారముగా తోచవచ్చును గాని మేకకు పెద్ద కీడు లేదు.

పిలక వంగి కంటివైపునకో, నుదుటి చర్మమువైపునకో తిరిగినప్పుడు ఉపేక్ష పనికిరాదు. కొన పోయి చర్మమున దిగబడినచో చీము పట్టును. కొమ్మును అరచేత పట్టినచో, రక్తమున్నంతమేర వెచ్చగాను, ఆపైన చల్లగాను తెలియును. ఆ చల్లని కొననే తీగరంపముతో కోయవలెను. కొన మాత్రమే తీసినందున అది మరల పెరుగుట నిశ్చయము. రెండు మూడు నెలలకొకసారి చూచుకొనుచుండవలెను. మొద్దుగా, లావుగా పెరిగిన దానిని మొదలంట తీయుట వేరు కథ. పెద్దమేకలో నుదుటి గాలిగది కొమ్మువేరులోనికి వ్యాపించి యుండును. మొదలంట కోసినచో పుఱ్ఱెలోనికి రంధ్రము తెరచుకొని, మానుటకు వారములు పట్టును. మత్తు, కట్టు, ధనుర్వాతమునకు సూది, ఇవి లేక దానికి పూనుకొనరాదు. రబ్బరుపట్టీ బిగించి వదలుట చౌకయైన ఉపాయమని కొందరు చెప్పుదురు. దినములతరబడి నొప్పి, ధనుర్వాత భయము, సగములో విరిగి నెత్తురుకారుట దాని ఫలితములు. దానిని మెచ్చుకొనుటకు ఏమియు లేదు.

గైబీ నగర్‌లో కాలమును కూడ గమనింపవలెను. కొంకణపు వాన జూన్‌నుండి సెప్టెంబరువరకు ఎడతెగక కురియును. ఆ నెలలలో తెరచిన గాయముపై ఈగ గ్రుడ్లు పెట్టి పురుగు పట్టును. అత్యవసరము లేనిచో కోతపని చలికాలమునకు వాయిదా వేయుట మంచిది. మగ్గముల యొద్ద నూలుపీచు చేతికందునదే యైనను గాయమున అదుమరాదు. అతుకుకొని పురుగునకు గూడగును.

ఈ పేటలో మరియొక లెక్కయు కలదు. బక్రీదు కొరకు పెంచిన మేకపోతు ఆ కుటుంబపు సంవత్సరపు పొదుపు. పుట్టుకతోనే కొమ్ములు లేని మేక ఖుర్బానీకి తగునని హనఫీ సంప్రదాయము. కొమ్ము మొదలంట ఊడినది, గాయము పుఱ్ఱెలోనికి దిగినది తగదని పలువురు పండితుల మతము. కాల్చిన తల, సగము మొలచిన పిలక కొనువానికి సందేహము కలిగించును. సందేహమునకు సంతలో వెల తగ్గును. మేకకు ఏడాది నిండవలెను గనుక, పుట్టిన వారములో తీసికొన్న నిర్ణయము అమ్మునాడు తేలును. చాంద్రమానమున పండుగ ఏటేట సుమారు 11 దినములు ముందునకు జరుగును. 2023లో జూన్ 29, 2024లో జూన్ 17, 2025లో జూన్ 7న వచ్చినది. ఈ మూడేండ్లును పండుగ సంతయు, తొలకరి ఈగయు ఇంచుమించు కలిసియే వచ్చినవి. పండుగకని పెంచు మగపిల్లకు కొమ్ములు కాల్చకుండుటయే మేలు. పొడుపుభయమున్నచో కొనలు మొద్దుచేసిన చాలును. సందులోని ఎండవేడిమి దృష్ట్యాను కొమ్ము నిరుపయోగము కాదు. మేకకొమ్ములలోని రక్తనాళములు దేహపు వేడిని వెలికి పంపుటకు తోడ్పడునని 1966లో టేలర్ అను శరీరశాస్త్రజ్ఞుడు చూపియున్నాడు.

పుట్టుకతో కొమ్ములేని మేకలనే పెంచిన ఈ బాధ తీరదా? ఉస్మానాబాదీ ఆడమేకలలో అట్టివి కానవచ్చును. కాని రెండువైపుల కొమ్ములేని జంటను కలిపినచో ఆడపిల్లలలో కొన్ని ఆడుదనము, మగతనము కలగలసి గొడ్డుపోవును. ఈ సంబంధమును 1944లో ఆస్‌డెల్ సూచించెను. 2001లో ఫ్రెంచి శాస్త్రజ్ఞులు మేక జన్యువులలో సుమారు 11,700 జతల తునక లోపించుట దానికి కారణమని చూపిరి. కావున కొమ్ములేని పోతునకు కొమ్ములున్న ఆడమేకనే జత చేయవలెను. పుట్టిన పిల్లలలో కొన్నిటికి కొమ్ములు వచ్చుచునే యుండును.