అడకత్తెరలో మాత్ర

చెన్నూరులో మా అవ్వ బీపీ మాత్రను అడకత్తెరతో కోస్తుంది. డాక్టరు సగమే వేసుకోమన్నాడు. వక్కలు కోసిన చెయ్యి గదా, టక్కుమని రెండు ముక్కలు. కొంగులో రాలిన పొడిని దులిపేస్తూ "పొడే గదా నాయినా" అంటుంది.

ఆ పొడిని బిళ్లగా నిలబెట్టే తంటా మొదలైంది పెన్సిళ్ల దగ్గర. ఇంగ్లండులో పెన్సిళ్లకు వాడే మేలైన గ్రాఫైటు గడ్డలు తరిగిపోతుంటే, విలియం బ్రాకెడన్ అనే చిత్రకారుడు దాని పొడిని అచ్చులో పోసి అదిమి చూశాడు. జిగురు లేకుండానే గట్టిపడింది. 1843లో తీసుకున్న పేటెంటులో మందు బిళ్లలనూ చేర్చాడు. అప్పటిదాకా మందులు కలిపేవాళ్లు తడి ముద్దను ఉండలు చుట్టేవాళ్లు. 1884లో లండన్ కంపెనీ బరోస్ వెల్కమ్ తన బిళ్లలకు ‘టాబ్లాయిడ్’ అని పేరు పెట్టుకుంది. చిన్న సైజు పత్రికలకు ఆ పేరు తర్వాత అంటుకుంది.

ఇప్పుడు బిళ్లలు చేసేది రోటరీ ప్రెస్. తిరిగే ఉక్కు చక్రం, అంచు పొడవునా గుంతలు. వాటిని డైలంటారు. ఒక్కోదానికి కింద పంచ్ అనే కడ్డీ ఒకటి, పైన ఒకటి. కింది పంచ్ ఎంత దిగితే డైలో అంత పొడి పడుతుంది. యంత్రం తూకం వెయ్యదు. శేరుతో బియ్యం కొలిచినట్టు గుంత లోతుతోనే కొలుస్తుంది. రోలర్ల నడుమ పంచ్‌లు పొడిని అదుముతాయి, కింది పంచ్ లేచి బిళ్లను బయటికి నెడుతుంది. పెద్ద ప్రెస్సులు గంటకు లక్షల బిళ్లలు వదుల్తాయి.

చిక్కంతా పొడితోనే. మెత్తటి పొడి జల్లెడలో శనగపిండిలా ఉండకట్టి జారనంటుంది. డై సగం నిండితే మందూ సగమే. అందుకని గంజితో తడిపి, రవ్వ చేసి, ఆరబెడతారు. ఇదే గ్రాన్యులేషన్. గంజి అన్నది పోలిక కాదు, నిజంగా ఉడికించిన స్టార్చే. అసలు మందును ఏపీఐ అంటారు. 5 మిల్లీగ్రాముల మందు చిటికెకు కూడా అందదు, అందుకే బిళ్లలో పెద్ద వాటా లాక్టోజు, సెల్యులోజు లాంటి మందుకాని సరుకులది, అంటే ఎక్సిపియెంట్లదే. పంచ్‌కు అంటుకోకుండా కాస్త మెగ్నీషియం స్టియరేటు కలుపుతారు. ఎక్కువైతే నీళ్లు లోపలికి దూరవు, బిళ్ల కడుపులో ఆలస్యంగా కరుగుతుంది. ఆకుకు సున్నం లాంటిది. తమలపాకు తోటల చెన్నూరులో ఈ సంగతి ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు.

ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్‌లో పనిచేసిన అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ కంపెనీ పెట్టడం మనవాళ్లు బాగానే చెప్పుకుంటారు. అయితే ఆ కథల్లో ఎప్పుడూ ఏపీఐ తయారుచేసే రియాక్టర్లే. ప్రెస్సును ఎవరూ తలవరు. నాకది అన్యాయమనిపిస్తుంది.

తయారైన బిళ్లలను డ్రమ్ములో వేసి 4 నిమిషాల్లో 100 చుట్లు దొర్లిస్తారు. బరువు 1 శాతానికి మించి తగ్గకూడదు. దీన్ని ఫ్రయబిలిటీ పరీక్ష అంటారు. అడకత్తెర ఆ పరీక్షలో లేదు. నడిమి గీత ఉన్న బిళ్లనే విరవాలి. మెల్లగా మందు వదిలే రకాన్ని కోస్తే రోజంతా రావలసింది ఒక్కసారే దిగిపోవచ్చు.

అవ్వ బిళ్లకు గీత ఉంది. "చేత్తో విరుచుకోరాదా అవ్వా?" అన్నా.

"కండ్లు ఆనితే గదా నాయినా, గీత యాడుందో!"