చుక్క చిన్నది, స్థానం గొప్పది

వాకిట ముగ్గుకు ముందు పెట్టేది చుక్క. నుదుట దిద్దుకునేది బొట్టు. ఓంకార శిరస్సున వెలిగేది బిందువు. కిరాణా చీటీలో రూపాయలకూ పైసలకూ నడుమ నిలిచేదీ ఒక చుక్కే. ఆకారం ఒక్కటే అయినా అర్థాలు వేరు. ఆ భేదం చుక్కలో లేదు, అది నిలిచిన చోటులో ఉంది. ఈ సంగతిని మన లిపి, గణితం, ఉపాసన మూడూ బోధిస్తున్నాయి.

అక్షరంలో సున్న

సంస్కృత ‘శూన్య’ శబ్దమే తెలుగున ‘సున్న’ అయింది. లెక్కలోని శూన్యానికీ, లిపిలోని అనుస్వారానికీ మన పూర్వులు పెట్టుకున్న పేరు ఒక్కటే. దేవనాగరిలో అక్షరం నెత్తిన చుక్కగా ఉండే అనుస్వారం తెలుగులో పక్కన నిండు వలయమై కూర్చుంటుంది. పాము విప్పిన ‘పడగ’కు ఒక్క సున్న చేరితే ‘పండగ’. ‘ఏడు’ సంఖ్య, అరసున్నతో ‘ఏఁడు’ సంవత్సరం. పొరుగున తమిళ లిపిలోనైతే హల్లుపై చుక్క పెడితే అందులోని అచ్చు తొలగి పొల్లు మిగులుతుంది. ‘హ్రీం’ బీజంలో బిందువు లోపిస్తే మిగిలే ‘హ్రీ’కి సంస్కృతంలో లజ్జ అని అర్థం. మంత్రోచ్చారణలో పెద్దలు అంత పట్టుదల చూపేది ఇందుకే.

అంకెలో చుక్క

పెషావరు సమీపాన బక్షాలీ గ్రామంలో 1881లో లభించిన భూర్జపత్ర గణిత గ్రంథంలో సున్నను చుక్కగానే రాశారు. అది నేడు ఆక్స్‌ఫర్డులోని బోడ్లియన్ గ్రంథాలయంలో ఉంది. దశాంశ బిందువు అంతకంటె అర్వాచీనం. ఇటలీ జ్యోతిశ్శాస్త్రవేత్త జొవాన్ని బియాంకిని 1440ల నాటి పట్టికలలో దానిని వాడినట్లు 2024లో వెల్లడైంది. దేశాన్ని బట్టి దాని అర్థమూ మారుతుంది. మనకు 1.500 అంటే ఒకటిన్నర, జర్మనీ పద్ధతిలో పదిహేను వందలు.

మన దేశంలో రూపాయికి 16 అణాలు, 64 పైసలు చెల్లిన కాలం 1957 ఏప్రిల్ 1తో మారింది. నూరు నయాపైసలు ఒక రూపాయి అయినందున దశాంశ బిందువు ఇంటి పద్దులోకి ప్రవేశించింది. అయితే పద్దులో పొరపాటు ధననష్టమే, మందులో పొరపాటు ప్రాణనష్టం. చీటీపై .5 అని రాసినప్పుడు చుక్క మసకబారితే 5గా కనిపిస్తుంది, మోతాదు పది రెట్లవుతుంది. 5.0 అని రాస్తే 50గా చదివే ప్రమాదముంది. అందుచేతనే చుక్కకు ముందు సున్న ఉంచి 0.5 అని రాయాలనీ, పూర్ణాంకం తరువాత చుక్క, సున్న వద్దనీ వైద్య భద్రతా నియమాలు చెబుతున్నాయి. పసిబిడ్డకు మందు పట్టేముందు మోతాదు స్పష్టంగా లేకపోతే మళ్ళీ అడిగి తెలుసుకోండి. ఇందులో మొహమాటం తగదు.

చక్రంలో బిందువు

పెందుర్తి నుంచి సబ్బవరం వైపు ప్రయాణిస్తే చేరువలోనే దేవీపురం. అక్కడి శ్రీమేరు నిలయం 108 అడుగుల చదరంగా, 54 అడుగుల ఎత్తుగా, శ్రీచక్రమే ఆలయమై నిలిచినట్లుంటుంది. 1994లో కుంభాభిషేకం జరిగింది. దీనిని నిర్మింపజేసిన నిష్ఠల ప్రహ్లాదశాస్త్రి గారు ముంబైలోని టాటా మౌలిక పరిశోధన సంస్థలో అణుభౌతిక శాస్త్రవేత్త. అనంతరం అమృతానందనాథ సరస్వతిగా ప్రసిద్ధులై 2015లో పరమపదించారు. దశాంశ స్థానాలతో లెక్కలు కట్టిన శాస్త్రవేత్తే బిందువును అర్చించే ఆలయాన్ని కట్టించారు.

శ్రీచక్రానికి ఆవరణలు తొమ్మిది. వెలుపలి భూపురం మొదలు దళాలూ, త్రికోణాలూ దాటి సాధకుడు చేరుకునే తొమ్మిదవది బిందువు. దానికి సర్వానందమయ చక్రమని పేరు. సంహారక్రమంలో అర్చన అక్కడ ముగుస్తుంది, సృష్టిక్రమంలో అక్కడే ఆరంభమవుతుంది. పొడవూ వెడల్పూ లేని ఆ చుక్క తొలగితే చుట్టూ ఉన్న గీతలకు కేంద్రమే ఉండదు.

చుక్కకు తనకంటూ విలువ లేదు. తగిన చోట నిలిచినప్పుడే అది పక్కనున్న అంకెకు విలువనూ, అక్షరానికి అర్థాన్నీ ఇస్తుంది. కుటుంబంలో, సమాజంలో మన స్థానమూ అంతే. చోటు చిన్నదని చిన్నబుచ్చుకోనక్కరలేదు. అక్కడ స్థిరంగా, స్పష్టంగా నిలవడమే మన ధర్మం.