మూడంగుళాల మడమ

కిందటి కార్తీకంలో విజయదాసులవారి ఆరాధనకని మా మేనకోడలిని వెంటబెట్టుకుని చిప్పగిరి వెళ్ళాను. ఆదోనిలో రైలెక్కి గుంతకల్లులో దిగి, అక్కణ్ణించి బస్సు. 1755లో దాసులవారు దేహం చాలించిన వూరది. యేటా కార్తీక శుద్ధ దశమికి కన్నడదేశం నుంచి కూడా జనం వస్తారు.

పిల్ల కాళ్ళకు మూడంగుళాల మడమల జోళ్ళు. "ఇవెందుకే?" అంటే, "పట్టుచీర మీదికి బాగుంటాయత్తా" అన్నది. నిజమే, బాగానే వున్నాయి! కాని అక్కడిది నల్లరేగడి. వానకు పడిన బండిగాళ్ళు యెండకు రాయిలా బిగుసుకున్నాయి. పది అడుగులు వేసిందో లేదో, పాదం లోపలికి తిరిగి నా భుజం మీద వాలిపోయింది.

"నెలకు రెండు మూడుసార్లు యిలాగే అవుతుందత్తా. తిడతావని చెప్పలేదు."

నేను తిట్టలేదు. తప్పు నాది. అంతకు ముందుయేడు మెట్లమీద దాని చీలమండ బెణికితే ఆముదం రాసి, కాపడం పెట్టి, వాపు తీయగానే "ఇక లేచి తిరుగు" అన్నదాన్ని నేనే. బెణికిన కొత్తలో వేడి పనికిరాదనీ, చల్లని కాపడమే మేలనీ తరువాత తెలిసింది.

ఆదోని తిరిగి వచ్చాక యెముకల డాక్టరుకు చూపించాను. ఆయన కాగితంమీద బొమ్మ గీసి చెప్పారు. చీలమండలో ఒక యెముక ముందు వెడల్పు, వెనుక సన్నం. పాదం నేలకు సమంగా ఆనినప్పుడు ఆ వెడల్పు భాగం పిక్కయెముకల కొసల నడుమ బిగుతుగా కూర్చుంటుంది. మడమ పైకి లేస్తే సన్నని భాగం అక్కడికి వస్తుంది, కీలు వదులవుతుంది. అప్పుడు పాదం లోపలికి తిరగకుండా ఆపవలసినవి బయటివైపు నరాల్లాంటి కట్లు. ఒకసారి బెణికితే ఆ కట్లే సాగుతాయి. పాదం యెలా వున్నదో మెదడుకు చేరే కబురు కూడా మందగిస్తుంది. అడుగు తప్పాక గాని కండరం మేలుకోదు! పైగా సన్నని మడమ ఆనేది రూపాయిబిళ్ళంత చోటు.

అసలీ యెత్తుమడమలు ఆడవాళ్ళ సొమ్మే కాదు. వెనుకటికి పారశీక ఆశ్వికులు రికాబులో కాలు జారకుండా తొడిగేవారు. గుర్రంమీద కూర్చునేవాడికి నడక బాధ లేదుగదా!

బెణికినప్పుడు నాలుగడుగులైనా వేయలేకపోయినా, చీలమండ యెముకమీద నొక్కితే నొప్పి వున్నా ఎక్స్‌రే తీయించాలన్నారు డాక్టరుగారు. మావాళ్ళ పిల్లకు యెముక బాగానే వున్నది. గోడ పక్కన ఒంటికాలిమీద నిలబడడం, మునివేళ్ళమీద లేచి మెల్లగా దిగడం, రబ్బరు పట్టీ తగిలించి పాదాన్ని బయటివైపు లాగడం – ఇవి రోజూ చేయమన్నారు. ఇవి కుదిరేదాకా వెడల్పు మడమ, అదీ అంగుళం లోపు, పట్టీ వున్న జోళ్ళు.

మొదట్లో ఒంటికాలిమీద అయిదు లెక్కపెట్టేలోగా తూలిపోయేది. ఇప్పుడు పొయ్యిమీద పాలు పొంగేదాకా నిలబడుతుంది. ఆ మూడంగుళాల జోళ్ళు బీరువా కింద వున్నాయి. వచ్చే మాఘంలో దానికి పెళ్ళి. ఫోటోకు కూర్చున్నప్పుడు మాత్రం తొడుక్కుంటానని నాతో బేరం పెట్టింది; నేనూ సరేనన్నాను.