వెలి కూడా ర్యాగింగే: యూజీసీ నిబంధన ఏం చెబుతోంది?

మెస్‌లో పక్కన ఎవరూ కూర్చోకపోవడం, ఒకే గదిలో ఉండలేమని సహవిద్యార్థులు వార్డెన్‌కు చెప్పడం, నడకనూ గొంతునూ అనుకరిస్తూ నవ్వడం. స్వలింగ ప్రేమికులైన విద్యార్థులపై విశ్వవిద్యాలయాల్లో వివక్ష తరచూ ఈ రూపాల్లోనే కనిపిస్తుంది. ఎవరూ చెయ్యి చేసుకోరు కనుక దీన్ని చాలామంది తప్పుగా పరిగణించరు. నిబంధనలు మాత్రం వేరుగా చెబుతున్నాయి.

విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) 2009లో ర్యాగింగ్ నిరోధక నిబంధనలను తెచ్చింది. 2016లో వాటిని సవరించి, ర్యాగింగ్ నిర్వచనాన్ని విస్తరించింది. కులం, మతం, ప్రాంతం, భాషలతో పాటు లైంగిక ధోరణి, ట్రాన్స్‌జెండర్ గుర్తింపు కారణంగా విద్యార్థిని శారీరకంగా, మానసికంగా వేధించినా అది ర్యాగింగే. ఏడిపించడాన్నీ, వెలివేయడాన్నీ ఈ నిర్వచనం స్పష్టంగా పేర్కొంది. తీవ్రతను బట్టి తరగతుల నుంచి సస్పెన్షన్ మొదలుకొని విద్యాసంస్థ నుంచి బహిష్కరణ వరకు శిక్షలుంటాయి.

ఈ రక్షణ విద్యార్థులకే పరిమితం. వెలివేత అధ్యాపకులనూ వదలదు. పరస్పర సమ్మతితో వయోజనుల మధ్య స్వలింగ సంబంధం నేరం కాదని 2009 జూలైలో ఢిల్లీ హైకోర్టు తీర్పునిచ్చింది. ఏడు నెలలకు, 2010 ఫిబ్రవరి 8న అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయంలో మరాఠీ ఆచార్యుడు శ్రీనివాస్ రామచంద్ర సిరాస్ నివాసంలోకి కొందరు కెమెరాతో చొరబడి, ఆయన ఏకాంతాన్ని చిత్రీకరించారు. విశ్వవిద్యాలయం ఆయననే సస్పెండ్ చేసి, క్వార్టర్స్ ఖాళీ చేయమంది. ఏప్రిల్ 1న అలహాబాద్ హైకోర్టు సస్పెన్షన్‌పై స్టే ఇచ్చింది. ఏప్రిల్ 7న ఆయన తన అద్దె ఇంట్లో విగతజీవిగా కనిపించారు.

ఢిల్లీ హైకోర్టు తీర్పును 2013లో కొట్టివేసిన సుప్రీంకోర్టే, 2018 సెప్టెంబర్ 6న స్వలింగ సంబంధాలు నేరం కావని తేల్చింది. అయినా విద్యార్థికి ఒక చిక్కు మిగిలే ఉంది. ఫిర్యాదు చేయాలంటే, ఇంట్లో కూడా చెప్పని విషయాన్ని ముందుగా కమిటీకి చెప్పుకోవాలి. ఆ కబురు తల్లిదండ్రులకు చేరుతుందన్న భయమే చాలామంది నోరు నొక్కేస్తుంది.

కొన్ని సంస్థలు ముందడుగు వేశాయి. హైదరాబాద్‌లోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం 2022లో హాస్టల్‌లో ఒక అంతస్తును ఎల్‌జీబీటీక్యూ విద్యార్థుల కోసం కేటాయించింది. మిగతాచోట్ల నిబంధన అమలు కావాలంటే, ఫిర్యాదుదారు పేరు బయటకు పొక్కదన్న భరోసా మొదట దక్కాలి.