చైన్ రంపానికి ఇంటివద్దే సాన: పంటి అంచుతో పాటు డెప్త్ గేజ్‌నూ గమనించాలి

ముదురు మామిడి తోటల పునరుద్ధరణకు కొమ్మలు కోయడంలోను, సరుగుడు, జామాయిల్ నరకడంలోను పెట్రోలుతో నడిచే చైన్ రంపాల వాడకం పెరిగింది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి, జీడిమామిడి తోటలను కూల్చివేసింది. అటువంటి విపత్తుల తరువాత రంపం రోజుల తరబడి నడవవలసి వస్తుంది. ఇసుక నేలపై పడిన మానును కోసేటప్పుడు గొలుసు ఒక్కసారి నేలను తాకినా పళ్ళు మొద్దుబారతాయి. సాన కోసం ప్రతిసారీ పట్టణానికి వెళ్ళడం అప్పుడు సాధ్యం కాదు. మొద్దు గొలుసుతోనే పని సాగిస్తే రంపాన్ని బలంగా అదమవలసి వస్తుంది. కంపనం పెరుగుతుంది. ఏళ్ళ తరబడి ఈ కంపనానికి గురైన వారి చేతివేళ్ళలో రక్తప్రసరణ తగ్గి వేళ్ళు తెల్లబడే వ్యాధి వస్తుంది.

పదును పోయిందని తెలుసుకోవడానికి రంపం నుండి రాలే పొట్టును చూస్తే చాలు. పదునైన గొలుసు చెక్క తునకలను రాలుస్తుంది. మొద్దుబారినది మెత్తని పొడిని రాలుస్తుంది. నూనె సరిగా అందుతున్నా కోత నుండి పొగ రావడం మరొక గుర్తు.

నేటి గొలుసు పంటి ఆకృతికి మూలం ఒక పురుగు. అమెరికాలోని ఓరెగాన్ రాష్ట్రంలో కలప కోత పనిచేసే జోసెఫ్ బ్యూఫోర్డ్ కాక్స్ 1946లో దుంగను తొలుస్తున్న పెంకు పురుగు లార్వాను గమనించాడు. దాని దవడలు కుడి ఎడమలకు కదులుతూ కర్రను సులువుగా చెక్కుకుపోవడం చూసి, ఆ తీరులోనే గొలుసు పళ్ళను రూపొందించాడు. అంతకు ముందరి పళ్ళు కర్రను గీకేవి, ఇవి చెక్కుతాయి. కాండం తొలిచే పురుగును శత్రువుగానే చూసే వ్యవసాయ విద్యార్థులకు ఇది ఆసక్తి కలిగించే విషయం.

చెక్కే పని గనుక ఈ పంటిని వడ్రంగి చిత్రికతో పోల్చవచ్చు. చిత్రిక అడుగు నుండి ఉలి ఎంత బయటకు ఉంటే అంత మందం పొర లేస్తుంది. గొలుసులో ప్రతి పంటికి ముందు ఉండే చిన్న మెట్టు, అంటే డెప్త్ గేజ్, ఆ అడుగు పలక చేసే పనే చేస్తుంది. పంటి పైభాగం వెనుకకు వాలుగా ఉంటుంది. అందువల్ల సాన పట్టిన కొద్దీ పన్ను పొట్టిదవడమే కాక, దాని ఎత్తు కూడా తగ్గుతుంది. డెప్త్ గేజ్ మాత్రం ఎప్పటి ఎత్తులోనే ఉండిపోతుంది. చివరకు అంచు ఎంత పదునుగా ఉన్నా కర్రను అందుకోలేదు. ఇంకా ఎంతో ఆయుష్షు ఉన్న గొలుసులను అరిగిపోయాయని పారవేయడానికి ఒక ప్రధాన కారణం ఇదే.

సానకు ముందు ఇంజను ఆపి, స్పార్క్ ప్లగ్ తీగ తీసివేసి, బార్‌ను వైస్‌లో బిగించాలి. చేతితొడుగులు తప్పనిసరి. గుండ్రటి ఆకురాయి మందం గొలుసు పిచ్‌ను బట్టి ఉంటుంది. వరుసగా ఉన్న మూడు రివెట్లలో మొదటి దాని నుండి మూడవ దాని వరకు గల దూరంలో సగమే పిచ్. 0.325 అంగుళాల పిచ్‌కు 4.8 మి.మీ., 3/8 అంగుళం లో-ప్రొఫైల్ గొలుసుకు 4 మి.మీ., సాధారణ 3/8 గొలుసుకు 5.2 లేక 5.5 మి.మీ. ఆకురాయి వాడాలి. దాని మందంలో సుమారు ఐదో వంతు పంటి పై అంచుకు ఎగువన ఉండాలి. కోణం చాలా గొలుసులకు 30 డిగ్రీలు. తయారీదారు సూచన వేరుగా ఉంటే దానినే పాటించాలి. పంటి లోపలి నుండి బయటకు, ముందుకు తోసేటప్పుడు మాత్రమే ఒత్తిడి ఇవ్వాలి. వెనుకకు లాగేటప్పుడు ఆకురాయిని ఎత్తివేయాలి.

ఎక్కువగా అరిగిన పంటిని ముందుగా గుర్తించి, మిగిలిన వాటిని దాని పొడవుకే తేవాలి. ఒక వైపు పళ్ళు పొడవుగా, రెండవ వైపువి పొట్టిగా ఉంటే కోత వంకరపోతుంది. పళ్ళు సమానంగా ఉన్నా వంకరపోతుంటే లోపం బార్ అంచుల అరుగుదలలో ఉండవచ్చు. విద్యుత్ సానరాయితో పని త్వరగా ముగుస్తుంది గాని, అంచు వేడెక్కి నీలిరంగుకు తిరిగితే ఉక్కు గట్టిదనం దెబ్బతింటుంది. కొత్తగా నేర్చుకునే వారికి చేతి ఆకురాయే మేలు.

మూడు నాలుగు సానలకు ఒకసారి డెప్త్ గేజ్‌ను సరిచూడాలి. పంటి అంచుకు, దానికి మధ్య ఎత్తు తేడా అనేక గొలుసులలో 0.65 మి.మీ. ఉంటుంది. కొలత పలకను గొలుసుపై ఉంచి, పైకి పొడుచుకు వచ్చిన మేరకే చదును ఆకురాయితో అరగదీసి, ముందు అంచును మునుపటిలా గుండ్రంగా చేయాలి. త్వరగా కోయాలన్న ఆశతో అంతకు మించి తగ్గించడం ప్రమాదకరం. పన్ను కర్రలోకి లోతుగా దిగి పట్టుకుంటుంది. బార్ కొన ఎగిరి నడిపేవారి వైపు తన్నే అవకాశం పెరుగుతుంది. అందుచేత రైతు శిక్షణలలో ఆకురాయితో పాటు ఈ కొలత పలకను కూడా చేతికిచ్చి చూపించాలి. దీని ఖరీదు స్వల్పమే.

పంటి పై పలకపై గీసిన అరుగుదల గుర్తు వరకు, గుర్తు లేని గొలుసులలో పన్ను సుమారు 4 మి.మీ. పొడవు మిగిలే వరకు, సాన పట్టి వాడవచ్చు. ఆపై పన్ను విరిగి ఎగిరిపడే ప్రమాదం ఉన్నందున గొలుసును మార్చాలి.