హైస్కూలు బాగు ఎవరి చేతిలో నున్నది?

పిల్లవానికి మార్కులెన్ని వచ్చినవని యడుగుటకే మన తలిదండ్రులు హైస్కూలు గడప త్రొక్కుచున్నారు. ఆటల గంట లెక్కల పాఠమునకు పోవుచున్నదా యని విచారించువారు అరుదు.

2010 ఏప్రిలు 1వ తేదీన అమలునకు వచ్చిన విద్యాహక్కు చట్టము ఆ విచారణాధికారమును వారి చేతికే యిచ్చినది. ప్రభుత్వ పాఠశాలల నిర్వాహక సంఘమున నాలుగింట మూడు వంతుల సభ్యులు తలిదండ్రులో సంరక్షకులో కావలెను. సభ్యులలో సగము స్త్రీలుండవలెను. పాఠశాల పనిని పరిశీలించుట, అభివృద్ధి ప్రణాళిక నేర్పరచుట, నిధుల వినియోగమును కనిపెట్టుట ఆ సంఘపు విధులు. ఆటస్థలమును, ఆటవస్తువులును ఉండితీరవలెనని చట్టపు అనుబంధమే విధించుచున్నది. ఈ చట్టము ఎనిమిదవ తరగతి వరకే యనుట నిజమే. కాని బాలుని యొడలికి ఆట యవసరము తొమ్మిదవ తరగతితో తీరిపోవునా?

2024 డిసెంబరు 7న ఆంధ్రప్రదేశమున ప్రభుత్వ పాఠశాలలయందు ఒకే దినమున తలిదండ్రుల సభలు జరిగినవి. సంతోషమే. కాని ఒకనాటి పండుగ నిత్యవిచారణకు బదులు కాజాలదు.

విద్యార్థి నాయకత్వమును ఇట్టిదే. ప్రధానోపాధ్యాయుడు పేరు చదువగా చప్పట్లు కొట్టుట ఎన్నిక కాదు. బాలబాలికలు రహస్యముగ వోటు వేసి నాయకుల నెన్నుకొనవలెను. ఆటసామగ్రి లెక్కయు, ఆటల గంటను కాపాడు భారమును వారి కప్పగింపవలెను. పదునెనిమిదవ యేట వోటుహక్కు పొందువారికి దాని బరువు ముందే తెలియవలదా?

తలిదండ్రులకు మా మనవి యొకటే. రాబోవు సంఘ సమావేశమున రెండు ప్రశ్నలడుగుడు: మా పిల్లలు వారమునకెన్ని గంటలు ఆడుచున్నారు? వారి నాయకుల నెవరెన్నుకొనిరి? తగిన బదులు వచ్చువరకును ఆ ప్రశ్నలను విడువకుడు.