వృద్ధులకు పేగుల ఆపరేషను: ఆలస్యమే అపాయము

వృద్ధులకు కడుపునొప్పి వచ్చినపుడు "అజీర్ణము కాబోలు, తెల్లవారనిండు" అని ఊరకుండుట మన యిండ్లలో పరిపాటి. ఈ అలవాటు వలన కలుగు అపాయమును ఇచ్చట వివరింపదలచితిమి.

పేగు మూసికొనిపోవుటకు కారణములు పెక్కు గలవు. పేగు హెర్నియాలో చిక్కుకొనవచ్చును. పూర్వపు ఆపరేషను వలన పేగులు అతుకుకొనవచ్చును. పెద్ద పేగులో కేన్సరు గడ్డ పెరుగవచ్చును. చిక్కిన పేగునకు రక్తప్రసారము ఆగినచో కొన్ని గంటలలోనే అది కుళ్ళి చిల్లుపడును. అందలి మాలిన్యము పొట్టలో వ్యాపించి ప్రాణాపాయము కలుగును. అపుడు తక్షణమే ఆపరేషను చేయవలసి వచ్చును.

బ్రిటనులోని 35 ఆసుపత్రులలో అత్యవసరముగా పొట్ట ఆపరేషను చేయించుకొన్న 1,853 మంది వివరములు 2012లో వెలువడినవి. వారిలో 30 దినములలోపల మరణించినవారు నూటికి సుమారు 15 మంది. 80 ఏండ్లు నిండినవారిలో నూటికి 24 మంది. అపాయము పెద్దదే. అయినను ఆ వయసువారిలో సైతము నలుగురిలో ముగ్గురు ఆ గడువు దాటి బ్రదికిరి. కావున ముసలితనమున ఆపరేషను వ్యర్థమని నిరాశ చెందరాదు. వయసుతోపాటు దేహదార్ఢ్యము, గుండె, మూత్రపిండముల స్థితి, చికిత్స మొదలైన సమయము ఫలితమును నిర్ణయించును.

గుర్తింపవలసిన లక్షణములు

మాటిమాటికి వాంతులు, పొట్ట ఉబ్బుట, మలము గాని వాయువు గాని వెడలకుండుట, హెర్నియా గట్టిపడి నొప్పిపెట్టుచు లోనికి పోకుండుట ముఖ్య లక్షణములు. వృద్ధులలో నొప్పి, జ్వరము స్వల్పముగనే ఉండవచ్చును. ఆముదము త్రాగింపరాదు, ఇంటిలో ఎనిమా ఇయ్యరాదు, ఆహారము పెట్టరాదు. వాడుచున్న మందులన్నియు, ముఖ్యముగా రక్తమును పలుచబరచునవి, వెంట తీసికొనిపోయి వైద్యునకు చూపవలెను.

కాప్రా ఒకప్పుడు చెరువు ప్రక్కన వెలసిన గ్రామము. 2007లో మహానగరపాలనలో చేరినది. అచ్చటివారికి 2003లో ముషీరాబాదుకు తరలిన గాంధీ ఆసుపత్రి నగరములోనే ఉన్నది. 2005లో హైదరాబాదున ఆరంభమైన 108 వాహనము పిలిచినచో వచ్చును. దూరపు పల్లెలవారు మరింత ముందుగా బయలుదేరవలెను.

ఆపరేషనుకు ముందు రోగి అభిమతమును తప్పక తెలిసికొనవలెను. కొందరికి మలము పొట్టమీది సంచిలోనికి వెడలునట్లు చేయవలసి వచ్చును. కొందరికి కొంతకాలము మతి తడబడును. మరికొందరు మునుపటివలె స్వయముగా తిరుగలేకపోవచ్చును. వైద్యుని అనుమతితో త్వరగా కూర్చుండబెట్టుట, నడిపించుట, దీర్ఘశ్వాస తీయించుట మేలు చేయును.

హెర్నియా ఉన్న పెద్దలను నొప్పి లేని దినములలోనే వైద్యునకు చూపవలెనని మా మనవి. ముందుగా నిశ్చయించుకొని చేయించు ఆపరేషనులో అపాయము ఎంతో తక్కువ.